చాయ్‌కి ఊపిన తల

ఆ డాక్యుమెంటరీలో నేను కనిపించేది ఒక తుమ్ముకు పట్టేంత సేపు. ఆ కాస్తలో కూడా మాట్లాడను, తల ఊపుతాను. దానికి ముందు ఆ కుర్రాడు, దర్శకుడు అనాలట, కరీంనగర్‌లో మా ఇంటి ముందర గదిలో దీపాలు నిలబెట్టి, నా అంగీకి మైకు తగిలించి, పొద్దున్నుంచి అన్నం వేళ దాటేదాకా నన్ను మాట్లాడించాడు. ఆ మాటలన్నీ ఎక్కడ దాచుకున్నాడో తెలియదు. పిల్లవాడు మంచివాడే. వెళ్లేటప్పుడు వంగి నా కాళ్లకు దండం పెట్టాడు, అవ్వ కాళ్లకూ, అంటే మా అమ్మ కాళ్లకూ, పెట్టాడు. నాకు అతని మీద పగేమీ లేదు. జ్ఞాపకశక్తి ఉంది, అంతే. ఈ వయసులో దానికీ దీనికీ పెద్ద తేడా ఉండదు.

సినిమా మా పాత టాకీసు గురించి. శ్రీరాంపూర్‌లో, బొగ్గుబాయిలకు పోయే రోడ్డు మీద, మాణిక్యమ్మ టాకీస్ అని ఉండేది. మాణిక్యమ్మ అంటే టాకీసు సేటు గారి తల్లి. తల్లి పేరు అంత పెద్ద అక్షరాలతో రాయించుకున్న మనిషి మా తల్లిని ఏం చేశాడో తర్వాత చెబుతాను. టాకీసు మూతపడి చాలా కాలమైంది. ఇప్పుడు దాని నిండా పావురాలు. డాక్యుమెంటరీలు తీసేవాళ్లకు పావురాల మీద ఉన్న ప్రేమ, పావురాలకు గింజల మీద కూడా ఉండదు. మొదట ఆకాశంలోంచి డ్రోను దిగుతుంది. మా టాకీసును ఆ కోణంలో మేమెవరమూ ఎన్నడూ చూడలేదు, కాకులు చూసి ఉండొచ్చు. తర్వాత వేణువు. తర్వాత ఎవరిదో ముడతలు పడ్డ చెయ్యి, మళ్లీ వేణువు, తుప్పు పట్టిన తాళం, మళ్లీ వేణువు. ఒక విరిగిన కుర్చీ మీద దుమ్ము పడుతుంటే చాలాసేపు చూశాం. ఉన్నంతలో దుమ్మే బాగా నటించింది. సినిమా పేరులో వెలుగూ నీడా రెండూ ఉన్నాయి. సినిమాలో రెండూ లేవు, పొగమంచు ఉంది.

ఇదంతా నోటి దురుసు అనుకోకండి. ఒక చిన్న వారపత్రికలో ఏళ్ల తరబడి సినిమాల మీద రాసినవాణ్ని. ఆ పత్రిక ఆగిపోయింది, సినిమాలు ఆగలేదు. నా రాతలు చదివి, వీడికి ఏ సినిమా నచ్చదా అని చాలామంది అడిగారు. నచ్చుతాయి. నచ్చనివాటి గురించి రాయడం మాత్రం నేను ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు, మా అవ్వ బీడీలు చుట్టే చాట పక్కన కూర్చుని నేర్చుకున్నాను.

మా ఇంట్లో పొద్దున లేవగానే ముక్కుకు తగిలేది తడి ఆకు వాసన. ముందురోజే నానబెట్టిన తునికాకును అవ్వ తడిగుడ్డలో చుట్టి మూలకు పెట్టేది. దాని మీదుగా తంబాకు ఘాటు, ఆ ఘాటు మీదుగా పొయ్యి మీద కాలుతున్న మక్కరొట్టె వాసన. మూడూ కలిస్తే మా ఇల్లు. ఇప్పటికీ ఎక్కడైనా మక్కరొట్టె ఒక్కటే వాసన వస్తే ఏదో తక్కువైనట్టు తుమ్ము కోసం ఎదురుచూస్తాను. వాడలో సగంమంది ఆడవాళ్లు బీడీలే చుట్టేవాళ్లు. పొద్దెక్కేసరికి చాటలు ఒళ్లో పెట్టుకుని మా అరుగు మీద చేరేవాళ్లు. కత్తెరలు కచకచమంటుంటే, ముందురోజు సినిమా చూసొచ్చిన మనిషి ఆ సినిమా మొత్తం చెప్పాలి. అది మా వాడ రివాజు. చేతులకు పని ఉంది, చెవులకు లేదు, అందుకని. ఎవరు చూసొచ్చినా చివరికి చెప్పేది మా అవ్వే అయ్యేది. ఎందుకంటే మిగతావాళ్లు సినిమాను ఉన్నదున్నట్టు చెప్పేవాళ్లు.

బాపు, అంటే మా నాన్న, బొగ్గుబాయిలో రాత్రి షిఫ్టు దిగి వచ్చి, ఎంత కడిగినా కళ్ల అంచున మిగిలే బొగ్గుకాటుకతో, గోడకు అవతల పడుకునేవాడు. ఆయన నిద్ర చెడకూడదు. అందుకని సినిమా అంతా గుసగుసల్లోనే చెప్పాలి. మా అవ్వకు ఏడుపు సినిమాలు సహించవు, ఫైటింగు సినిమాలే కావాలి. కాబట్టి నేను నా జీవితంలో విన్న గొప్ప పోరాటాలన్నీ గుసగుసల్లో జరిగినవి. ఈ మధ్య మనవడు తీసుకుపోతే ఒక యాక్షన్ సినిమాకు వెళ్లాను. కుర్చీ వణికింది, నా పళ్లు వణికాయి, తెర మీద లారీలు గాలిపటాల్లా ఎగిరాయి. హీరో వాటి నడుమ నుంచి నెమ్మదిగా నడిచి వచ్చాడు. అంత నెమ్మదిగా నడిచేవాడికి మోకాళ్ల నొప్పి అయినా ఉండాలి, లేదా ఇంటి దగ్గర ఎవరూ ఎదురుచూస్తూ ఉండకూడదు. నాకు ఏ భయమూ కలగలేదు. మా అవ్వ మాత్రం "అప్పుడు ఎనుకకెల్లి కత్తి దీసిండు" అని గొంతు తగ్గించి అంటే, అరుగు మీది చేతులన్నీ ఒక్క క్షణం ఆగేవి. దానికి లారీ అక్కర్లేదు. అవతల ఒక మనిషి అలిసి నిద్రపోతుండాలి.

నచ్చని సినిమాను ఆమె చెప్పే తీరు వేరు. ఒకసారి దొంగలూ గుర్రాలూ ఉన్న సినిమా ఒకటి వచ్చింది. పోస్టరు చూసి వాడంతా ఆశపడ్డది. అవ్వ ముందుగా చూసొచ్చింది. మరుసటి రోజు చాట ముందు కూర్చుని, ఆకు కత్తిరిస్తూ, మొహంలో ఏమీ కనపడనీయకుండా మొదలుపెట్టింది.

"హీరో వచ్చిండు. వచ్చుడు వచ్చుడే తలుపు పలగ్గొట్టిండు. తలుపు తెరిసే ఉన్నదే పిల్లా."

ఎవరో నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"ఇగ అందర్ని తన్నుడు షురువు జేసిండు. ఒగడైతే తన్నకముందే పడ్డడు. పొద్దున ఏం తినలేదో ఏమో."

"మరి తల్లి?" అని ఇంకొకామె అడిగింది.

"తల్లి సస్తది. కత్తి దిగినంక పాట మొత్తం పాడి సస్తది."

అంతే. నవ్వు ఆపుకోలేక చాటల్లోని తంబాకు చిందింది. గోడ అవతల బాపు దగ్గాడు. ఆ మధ్యాహ్నం ఆటకు ఆడవాళ్ల బెంచీలు ఖాళీగా ఉన్నాయట. ఆ మరునాడూ ఉన్నాయట. మా ఊళ్లో ఆడవాళ్ల బెంచీలు నిండకపోతే టాకీసు ఆగమైనట్టే. ఎందుకు నిండలేదో సేటుకు ఎవరు చెప్పారో తెలియదు, చెప్పారు.

సేటుది చొప్పదండి దిక్కు భూములున్న కుటుంబం. తెల్లటి బట్టలు, తెల్లటి చెప్పులు. బొగ్గు ఊళ్లో తెల్లచెప్పులు వేసుకునే ధైర్యం ఆయనొక్కడికే ఉండేది. ఆటకు ముందు గేటు దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్లను చూసేవాడు. గేటు మీద ఖాదర్ చాచా ఉండేవాడు, టికెట్లు చింపేవాడు. తర్వాతి సినిమా మారినరోజు అవ్వ స్నానం చేసి, పెట్టెలోని మంచి చీర కట్టుకుని, నన్ను తోడు తీసుకుని బయల్దేరింది. నేనప్పుడు కాలేజీలో కొత్తగా చేరి సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాను. కొత్తగా పెంచుతున్న మీసం ఒకటి నాతో ఉంది. లైను పొడవుగా ఉంది. మా వంతు వచ్చేసరికి సేటు చెయ్యి అడ్డం పెట్టాడు. అరవలేదు, నవ్వుతూనే అన్నాడు.

"సినిమా నీ నోట్లనే ఆడుతున్నదట గద. ఇగ నా టాకీసుల నీకేం పని?"

లైనులో కొందరు నవ్వారు. అవ్వ టికెట్టు చూపించింది. అప్పుడు ఆయన ముక్కు మీద చేతిరుమాలు పెట్టుకుని, పెద్ద టికెట్టు కొని కుర్సీల్లో కూర్చునేవాళ్లు తంబాకు కంపు వస్తున్నదని ఫిర్యాదు చేస్తున్నారనీ, ఇటువంటివాళ్లను ఇంక లోపలికి పంపొద్దనీ ఖాదర్ చాచాకు చెప్పాడు. ఆ సమయంలో కుర్సీలవాళ్లు లోపల కూర్చుని కాలుస్తున్నవి మా అవ్వలాంటి ఆడవాళ్లు చుట్టిన బీడీలే. ఈ సంగతి సేటుకు తట్టలేదు. నాకు తట్టింది. తట్టి లాభం లేదు, మీసం సవరించుకున్నాను. ఖాదర్ చాచా గేటు రెక్కను మెల్లగా దగ్గరికి తెచ్చాడు. "మాఫ్ చెయ్యి లస్మక్కా" అన్నాడు, కిందికి చూస్తూ. ఇనుప గేటు. మూసుకున్నప్పుడు పెద్ద చప్పుడు కూడా చేయలేదు.

అవ్వ ఇంటికొచ్చి మంచి చీర విప్పి మడతపెట్టి, పాత చీర కట్టుకుని, చాట ముందు కూర్చుంది. బీడీ మూతిని గోటితో మలిచే పని ఆమె ఎంత మెత్తగా చేసేదో, ఆ రోజూ అంతే మెత్తగా చేసింది. ఒక్క ఆకు చిరగలేదు. అది చూసి నాకు భయమేసింది.

మర్నాటి మధ్యాహ్నం ఆమె చాట ఎత్తుకుని వెళ్లి టాకీసు పక్కగోడ నీడలో కూర్చుంది. వెనకే వాడలోని ఆడవాళ్లు కూడా. ఆ గోడకు పైన గాలి కోసం కంతలుండేవి, కింద ఒక పక్కతలుపు. సినిమా మొత్తం వినపడేది. ఖాదర్ చాచా లోపల ఉడకపోత అని చెప్పి ఆ పక్కతలుపుకు ఇటుక పెట్టి ఓరగా తెరిచి ఉంచేవాడు. ఉడకపోత చలికాలంలో కూడా తగ్గలేదు. అవ్వ ఫైటింగులను చెవితోనే అంచనా కట్టేది. ఎవణ్ని కొట్టినా ఒకటే చప్పుడు వస్తున్నదనీ, వీపు మీద కొడితే వేరు, దవడ మీద కొడితే వేరు కదా అనీ అనేది. నేను సెలవులకు వచ్చినప్పుడల్లా కంటికి సంబంధించిన పని నాది. నేను లోపలికి వెళ్లి చూసి వచ్చాక నన్ను నిలబెట్టి విచారించేది. ఇంతమందిని కొట్టినంక అంగీ మాసిందా? చెమట పట్టిందా? నెత్తి దువ్వినట్టే ఉన్నదా? నేను అంగీ తెల్లగానే ఉందన్నానంటే ఆ సినిమా పని అయిపోయినట్టే.

ఇక సాయంత్రం ఆట లైను ఆ గోడ వెంబడే నిలబడేది. ఎవరో ఒకరు అడగక మానరు, ఎట్లున్నదక్కా అని. సినిమా బాగుంటే అవ్వ నోరు విప్పేది కాదు. పోండ్రి, చూడుండ్రి, నేను చెప్ప అనేది. బాగా లేకపోతే చివరి నుంచి మొదలుపెట్టేది. ముందు ఎవడు చస్తాడో, తర్వాత వాడు ఎందుకు చచ్చాడో, ఆఖర్న వాడు ఎందుకు పుట్టాడో. వింటూ వింటూ లైను కరిగిపోయేది. కొందరు ఆమె చెప్పేది వినడానికే లైనులో నిలబడి, అయిపోయాక ఇంటికి వెళ్లేవాళ్లు. సేటు ఏమీ చేయలేకపోయాడు. గోడ ఆయనది, నీడ ఆయనది కాదు.

చాన్నాళ్లకు ఆయన ఖాదర్ చాచాతో కబురు పంపాడు. వచ్చి కుర్సీల్లో కూర్చుని చూడమని, టికెట్టు కూడా వద్దని. అవ్వ ఆకు కత్తిరించడం ఆపకుండా సమాధానం చెప్పింది.

"అందరు సూస్తుండంగ మూసిండు గద ఖాదరన్నా. అందరు సూస్తుండంగనే తెరువుమను. అప్పుడస్త."

సేటు తెరవలేదు. అవ్వ వెళ్లలేదు. ఆ టాకీసుకే కాదు, ఏ టాకీసుకూ వెళ్లలేదు. నాకు ఉద్యోగం వచ్చి కరీంనగర్ చేరాక, మంచి హాళ్లు వచ్చాక, బాపు పోయాక, ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. సేటు కాలం చేశాడని తెలిసినరోజు మాత్రం ఒకసారి అడిగింది, పోయేముందు ఏమన్న అన్నడా అని. ఏమీ అనలేదట అన్నాను. సరేనని లోపలికి వెళ్లింది.

అందుకే ఆ దర్శకుడు మా ఇంటికి వచ్చినప్పుడు నేను భోజనం వేళ దాటేదాకా మాట్లాడాను. గేటు, చేతిరుమాలు, పక్కగోడ, ఇటుక, అన్నీ చెప్పాను. అతని కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. వాటినీ ఎక్కడో దాచుకున్నట్టున్నాడు. అతను వెళ్లాక అవ్వతో, నీ ముచ్చట సినిమాల వస్తది, అందరు సూస్తరు అన్నాను. అందరు సూస్తరా అని మళ్లీ అడిగి, అయితే నేనొస్త అంది. కరీంనగర్‌లో ఒక చిన్న హాల్లో రెండు ఆటలు పెట్టారు, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. అవ్వ చూపు మసక, నడక కష్టం. అయినా పొద్దున్నే స్నానం చేసి, మంచి చీర ఏదని కోడల్ని అడిగి కట్టించుకుంది. గేటు దాటేటప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పావురాలు అయ్యాయి, వేణువు అయింది, దుమ్ము అయింది. సేటు కొడుకు కిషన్‌రావు తెర మీదికి వచ్చాడు. ఇప్పుడు ఆయన ప్లాట్ల వ్యాపారం చేస్తాడు, ఈ సినిమాకు సాయం కూడా ఆయనే చేశాడట. గొంతు గద్గదంగా ఉంది. "మా నాయిన గేటు ఎవ్వలికి మూయలె. బీద, గొప్ప ఏం జూడలె. అందరు మా ఇంటోళ్లే అన్నట్టుండె" అన్నాడు. వెంటనే తెర నిండా నా తల. నిదానంగా, సంతృప్తిగా, అవునవునన్నట్టు ఊగింది. చివర్న కాస్త నవ్వింది కూడా.

నాకు ఆ క్షణం తెలుసు. మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి చాయ్ పెట్టనా అని అడిగింది. తలను జాగ్రత్తగా చూస్తే కళ్లు పక్కకు, వంటింటి వైపు తిరిగి ఉంటాయి. హాల్లో అది చూసింది నేనొక్కణ్నే. మిగతావాళ్లకు అది గతాన్ని తలుచుకుంటున్న చూపులా కనపడి ఉంటుంది. అవ్వ చెప్పిన దొంగల సినిమాలో తన్నకముందే పడినవాణ్ని తలుచుకుని నవ్వుకునేవాళ్లం. ఇక్కడ నన్ను అడగకముందే ఒప్పించారు. వాడైనా డబ్బులు తీసుకుని పడ్డాడు.

అవ్వ చీకట్లో నా వైపు వంగింది.

"గది నీ తలకాయనే గద?"

"అవునవ్వా."

"ఊపినవ్?"

"చాయ్‌కి ఊపిన."

నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఆకు మలిచినంత మెత్తగా. మిగతా సినిమా నేను చూడలేదు. ఏం జరిగి ఉంటుందో మీరు ఊహించుకోవచ్చు, మళ్లీ వేణువు.

ఆట అయ్యాక కిషన్‌రావూ దర్శకుడూ ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. నేను దర్శకుడి దగ్గరికి వెళ్లి అడిగాను. నిడివి సమస్య వచ్చిందన్నాడు. ఆ ముచ్చట చాలా బలమైనదనీ, కానీ సినిమా మూడ్‌కు అడ్డం పడుతున్నదనీ, ఇది ఒక నివాళి కదా సార్ అనీ అన్నాడు. నా మొహం చాలా సహజంగా వచ్చిందని మెచ్చుకున్నాడు. దుమ్ము కూడా బాగా వచ్చింది బాబూ అన్నాను. థాంక్స్ సార్ అన్నాడు. అంతకు మించి నాకు చేతకాలేదు. రాయడానికి పత్రిక లేదు. ఉన్నా, సమీక్ష చదివి ఇంటికి పోయేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. సినిమా చూసి వచ్చాక సమీక్ష చదువుతారు, తిట్టాలా వద్దా తేల్చుకోవడానికి.

తిరిగి చూస్తే అవ్వ పక్కన లేదు. బయటికి పరిగెత్తాను. సాయంత్రం ఆటకు మెట్ల కింద నుంచి రోడ్డు దాకా లైను కట్టి ఉన్నారు. గేటుకు అవతల, రోడ్డు అంచున, వాచ్‌మన్ వేసిన ప్లాస్టిక్ కుర్చీలో మా అవ్వ కూర్చుని ఉంది. ఒళ్లో చాట ఒక్కటే తక్కువ. లైనులోని ఒక అమ్మాయి ఎట్లున్నదని అప్పటికే అడిగినట్టుంది.

"ఆఖర్ల అందరు సప్పట్లు గొడ్తరు బిడ్డా. ఎందుకో తెల్వది," అవ్వ అంటోంది. గొంతు తగ్గించే చెబుతోంది, గోడ అవతల బాపు ఇంకా పడుకున్నట్టు. లైను ముందుకు వంగింది. "పావురాలున్నయి. అవి మంచిగ జేసినయి. పిల్లనగ్రోవి ఊదుతనే ఉన్నడు ఒగడు, వానికి ఎవ్వలన్న ఇన్ని నీళ్లియ్యాలె."

నవ్వులు మొదలయ్యాయి. వెనకవాళ్లు లైను వదిలి కుర్చీ చుట్టూ చేరారు. ఆ చప్పుడుకు కిషన్‌రావు శాలువాతోనే బయటికి వచ్చాడు, ఆయన వెనక దర్శకుడు. ఆయన చేతులు జోడించి, పాత ముచ్చట్లు ఇప్పుడెందుకమ్మా, లోపలికి వచ్చి ముందటి కుర్చీలో కూర్చోమన్నాడు. మర్యాదగానే అన్నాడు. తండ్రి కూడా నవ్వుతూనే అన్నాడు.

"లోపట జూసే వచ్చిన బిడ్డా. గిది రోడ్డు," అంది అవ్వ. తర్వాత లైను వైపు తిరిగింది. "నడుమల గీ సారు వస్తడు. మా నాయిన ఎవ్వలికి గేటు మూయలె అంటడు. నాకు మూసిండు. గింతమంది సూస్తుండంగనే మూసిండు, తంబాకు కంపని. గప్పుడు మా పిలగాడు తల ఊపుతడు."

అందరూ నా వైపు చూశారు. నాకు నిండా ముసలితనం, జేబులో బీపీ గోళీలు. పిలగాణ్ని నేనే.

"చాయ్ కోసం ఊపిండు. ఆళ్లు గీడ అతికిచ్చిండ్రు," అంది. నవ్వు ఆగాక మసక కళ్లతో నన్ను వెతికి పట్టుకుంది. "ఇగ చెప్పు. నీ అవ్వకు గేటు మూసిండ్రా, మూయలేదా?"

కిషన్‌రావు శాలువా సర్దుకుంటున్నాడు. దర్శకుడు అలవాటు కొద్దీ ఫోను పైకెత్తి, ఏం తీస్తున్నాడో అర్థమై దించేశాడు. నేను తల ఊపాను.

"జర పెద్దగ ఊపురా," అంది అవ్వ. "ఎనుకున్నోళ్లకు కనవడాలె."

ఊపాను.